చెల్లెలి ఒట్టు

ప్రపంచ సర్ఫింగ్ పోటీల క్వార్టర్ ఫైనల్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఎదురెదురు పడ్డారు. హోటల్లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే అద్దం. పోటీకి ముందురోజు చెల్లెలు, అక్క బోర్డుకి రుద్దే మైనపు బిళ్లని తీసుకెళ్లి సబ్బు పెట్టెలో పెట్టింది. అక్క దాంతో మొహం రుద్దుకుని, నురగ రాదేమిటా అని కాసేపు ఆలోచించింది కూడా. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. అందుకే చెల్లెలి మాట ఓ పట్టాన నమ్మకూడదని ఆమె ఏనాడో తీర్మానించుకుంది.

మర్నాడు ఇద్దరూ నీళ్లలోకి దిగారు. ఆ రోజు సముద్రానికి బద్ధకం. అలలు వచ్చినట్టే వచ్చి చప్పబడిపోతున్నాయి. మార్కుల్లో అక్కదే కాస్త పైచేయి. పైగా ముందు హక్కూ ఆమెదే. అంటే, ఆమె కోరుకున్న అలకి చెల్లెలు అడ్డం రాకూడదు. కాకపోతే ఒక మెలిక ఉంది. అల కోసం ఈదుకెళ్లి తీరా అందుకోలేకపోతే ఆ హక్కు చెల్లెలికి పోతుంది. కనుక పనికిమాలిన అలకి ఆశపడకూడదు.

పక్కపక్కనే బోర్డుల మీద కూర్చుంటే చెల్లెలి నోరు ఊరుకుంటుందా? మైనంతో అక్క మొహం నిగనిగలాడుతోందని మెచ్చుకుంది. జడ్జీల్లో గడ్డమాయన అచ్చం బావలానే ఉన్నాడంది. అక్క నవ్వుని పెదవుల మధ్యే బిగబట్టింది.

టైము దగ్గరపడింది. దూరంగా నల్లటి గీత ఒకటి లేచింది. చెల్లెలి గొంతులో వెటకారం పోయింది.

"అక్కా, అది మంచిది. వెళ్లు."

"నా దగ్గరా నీ ఎత్తులు?"

"ఒట్టు. నిజంగా మంచిది."

ఒట్టు అనేసరికి అక్క అనుమానం మరీ గట్టిపడింది. చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె ఇక కదలదని తేలాక చెల్లెలు గబగబా బారలు వేసి అలని అందుకుంది. దాని అంచుదాకా ఎక్కి గిరుక్కున తిరిగింది. ఒడ్డున మోగిన చప్పట్లు నీళ్లలో ఉన్న అక్క దాకా వినపడ్డాయి. కాసేపటికే పోటీ ముగిసిందంటూ సైరన్ కూసింది. ఆ ఒక్క అలతో చెల్లెలు గెలిచింది.

ఒడ్డుకి వస్తూనే అక్క నిలదీసింది.

"నిజమే చెప్పావా?"

"నిజమే చెప్పా. నమ్ముతావనుకున్నా." చెల్లెలి కళ్లు ఎర్రబడ్డాయి. "నువ్వు వెళ్లుంటే బావుండేది."

అక్కకి కోపం రావాలి, రాలేదు. బతుకులో మొదటిసారి నిజం చెప్పడానికి నీకు ఇంకో రోజే దొరకలేదా అని మాత్రం విసుక్కుంది. విసుక్కుంటూనే తువ్వాలుతో చెల్లెలి తల తుడిచి, రేపు ఎడమవైపు అలల జోలికి పోవద్దని చెప్పింది. అమ్మ ఫోన్ చేస్తే, నువ్వు ఎవరి పక్షమని ఇద్దరూ కలిసి నిలదీశారు. టీవీ ముందు కళ్లు మూసుకునే కూర్చున్నానని ఆవిడ తప్పించుకుంది.

చెల్లెలు సెమీస్‌లో ఓడినా, కంచు పతకం కోసం జరిగిన పోటీలో గెలిచింది. పతకం మెడలో పడుతుంటే ఒడ్డున అందరికన్నా గట్టిగా ఈల వేసింది అక్కే. పోలికలు కలిసి ఒక విలేకరి పొరపాటున ఆమెకే అభినందనలు చెప్పాడు. ఆమె కాదనలేదు. పైగా, చాలా కష్టపడ్డానని చెప్పింది.