సంపాదించిన కుడుములు

నూలు దుకాణం తాళంచెవి ముప్ఫై ఏళ్ళుగా లువాన్ గుయ్‌ఫెన్ నడుముకే వేలాడుతోంది. మోకాళ్ళు మొరాయించాక దాన్ని కోడలు చిన్‌మెయ్‌కి అప్పగించక తప్పేలా లేదు. అప్పగించవచ్చా అన్నదే తేలలేదు. కోడలిది దక్షిణాది, పెళ్ళయి నాలుగు నెలలే. సరుకు తిరగేసి చూడకుండా బేరం ఖాయం చేసే అలవాటు గుయ్‌ఫెన్‌కి లేదు.

అందుకే కొత్త ఏడాదికి ముందురోజు ఉదయం కుడుముల పని కోడలికి చెప్పి, తాను వంటింటి గుమ్మంలో పీట వేసుకుంది. చిన్‌మెయ్ మరిగే నీళ్ళు పోసి పిండి కలిపింది. పందిమాంసం, క్యాబేజీ కలిపిన పూర్ణం పెట్టి అంచులు మడిచింది.

"అంతంత కూరుతున్నావేం? అది కుడుమా, పుట్టింటికి మోసే సంచీనా?"

"పొట్ట నిండుగా ఉంటే మంచిది కదా అత్తయ్యా."

"మంచిదే, సంచీకి కుట్టు గట్టిగా ఉంటే."

ఆవిరి మీద పెట్టే వెదురు బుట్టలోకి పద్దెనిమిది ఎక్కాయి. అవి ఉడికేసరికి పొరుగామె పిలిస్తే గుయ్‌ఫెన్ వీధిగుమ్మం దాకా వెళ్ళొచ్చింది. పళ్ళెంలో పదహారే ఉన్నాయి.

చిన్‌మెయ్ వాళ్ళ అక్క కూడా ఈ ఊరికే కోడలిగా వచ్చింది, ఈ సందు చివరే ఉంటుంది. ఇవాళ రెండు కుడుములు, రేపు రెండు నూలు ఉండలు! కోడలి గౌను జేబు మీద నూనె మరక మెల్లగా పెద్దదవుతోంది.

"ఆ జేబులో ఏముంది?"

"ఏం లేదత్తయ్యా."

"ఏమీ లేనిది ఆవిరి కక్కుతుందా?"

రెండు కుడుములు బయటికొచ్చాయి. రెండింటి పొట్టలూ విచ్చి పూర్ణం కారుతోంది.

"పండగపూట ఇవి పగ..."

"ఆగు! ఆ మాట ఇవాళ ఈ ఇంట్లో అనకూడదు."

"అందుకేగా దాచాను. అరిష్టమని మీ అబ్బాయే చెప్పాడు."

"వాడి మొహం, సగమే చెప్పాడు. ఇక్కడ కుడుము విచ్చితే ఆ మాటకి బదులు 'సంపాదించింది' అని గట్టిగా అరవాలి. నోరారా అంటే అదే శుభం."

గుయ్‌ఫెన్ కోపం దిగింది గాని అనుమానం దిగలేదు. దుకాణంలో పూర్వం ఒక గుమాస్తా ఉండేవాడు. దొంగ కాడు, పిరికివాడు. పురుగు పట్టిన నూలు మూటను భయంతో వెనక్కి నెట్టాడు. ఆ ఒక్క మూట వరసంతా తినేసింది. దొంగ పిడికెడే పట్టుకుపోతాడు, నష్టం దాచేవాడు కొట్టునే ముంచుతాడు. నడుముకున్న తాళంచెవిని చొక్కా కిందికి తోసుకుంది.

రెండో వాయి దిగింది. చిన్‌మెయ్ మూత తీసి బుట్టలోకి చూసి, అత్తగారి నడుము వైపు చూసింది. తర్వాత వీధిలోకి వినబడేలా అరిచింది.

"అత్తయ్యా! ఐదు సంపాదించాయి!"

"ఐదా!"

"ఆగండి... అడుగున అంటుకుని ఇంకోటుంది. ఆరు!"

ఆ ఆరోది అడక్కుండానే వచ్చింది. గుయ్‌ఫెన్ నడుము దగ్గరి ముడి విప్పి తాళంచెవిని పిండి పలక మీద పెట్టింది.

"పండగ వెళ్ళాక దుకాణం నువ్వే తెరువు. పూర్ణం మాత్రం ఇకమీదట నేనే పెడతాను."