మేనేజరు గారూ

దుప్పటితోపాటు ఆమె చెయ్యి కూడా వేడి రోలరు కిందికి పోవడం మేమందరం చూశాం. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ మాది. ఆమెను అంతా వదినా అంటాం. చేతులు లోపలికి పోకుండా రోలరుకు అడ్డంగా ఒక రేకు ఉండేది. పని నిదానమవుతోందని దాన్ని ఊడదీయించింది మేనేజరే. ఆమె చేతిమీద చన్నీళ్లు పోసి, తన రుమాలు చించి కట్టిందీ ఆయనే.

మర్నాడు రేకు రాలేదు. వదిన స్థానంలో ఆమె చెల్లెల్ని నిలబెట్టారు.

మేనేజరు ఒకప్పుడు మాతోపాటు తడిబట్టలు మోసినవాడే. అందరికీ అన్న. రేకు సంగతి ఎత్తినప్పుడల్లా "నేను లేనట్రా?" అని భుజం తట్టేవాడు. మేం కరిగిపోయి వచ్చేసేవాళ్లం. భోజనాల దగ్గర ఇదే రగడ. నిలదీస్తే అన్న మనసు నొచ్చుకుంటుందని సగంమంది, మరి వదిన వేళ్ల మాటేమిటని సగంమంది. మూటలెత్తే తాత మెతుకులు దులుపుకుంటూ తేల్చేశాడు:

"అన్నా అని వెళ్తే తమ్ముళ్లమయ్యే తిరిగొస్తాం. ఈసారి గారు అనండి."

చదువుకున్నవాడినని నన్ను ముందుకు తోశారు. నా భార్య పోయినప్పుడు నా వంతు పనంతా చెప్పకుండా చేసిపెట్టిన మనిషి ఆయన. అయినా అన్నాను.

"మేనేజరు గారూ, రేకు బిగించందే రోలరు దగ్గరికి ఎవరమూ వెళ్లం."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నేను పరాయివాణ్ణయ్యానా అన్నాడు. నా నోరు జారింది.

"అది కాదన్నా..."

అంతే, ఆయన చెయ్యి నా భుజంమీదికి వచ్చేసింది. వెనక కాళ్లు కదిలిన చప్పుడు. జనం జారిపోతున్నారు.

"గారు, బాబాయ్, గారు," అంది వదిన చెల్లెలు మెల్లగా. ఆయనవైపు తిరిగింది. "మా అక్క చెయ్యి చూశారుగా. నా చేతులు పెట్టనండి."

ఆ 'అండి' దెబ్బకు ఆయన చెయ్యి కిందికి దిగింది. ఓనరు ఒప్పుకోడన్నాడు. పని ఆపినవాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. మేం వెళ్లి రోలరు ముందు నేలమీద కూర్చున్నాం. అది ఒట్టినే తిరుగుతూ బుసకొడుతోంది.

తర్వాతి షిఫ్టువాళ్లు వచ్చారు. ఆయన గేటు దగ్గరే ఆపి, మాతో మాటలొద్దని, తిన్నగా పనిలోకి పొమ్మని చెప్పాడు. తల ఊపి లోపలికొచ్చారు. మమ్మల్ని చూశారు, రోలరును చూశారు. అందరికంటే ముందున్న ఆవిడ చెంగు నడుముకు దోపుకుని నా పక్కకు వచ్చింది.

"కాస్త జరుగు బాబాయ్. చాలామందిమి ఉన్నాం."