పరగడుపు

తన భార్య ఇర్మాను ఆస్పత్రివాళ్లు కడుపు మాడ్చి చంపారు. ఈ సంగతి లీలండ్ హ్రుస్కా నాలుగేళ్ల కిందటే తేల్చుకున్నాడు. చర్చిలో పాదిరి ఒకసారి కాదనబోతే ఆ చర్చి గడప తొక్కడం మానేశాడు.

ఇప్పుడతను ఆమె వంటగదిలో మోకాళ్ల మీద కూర్చుని, ఆమె కుందేలుకి కొత్తిమీర కాడలు ఒక్కొక్కటే అందిస్తున్నాడు. ఏప్రిల్ ఎండ ఇంకా కంచె దాటలేదు. కుందేలు పేరు పెప్పర్. బూడిదరంగు ఒళ్లు, ఎడమ చెవి కొసన మిరియపు గింజంత నల్లమచ్చ. దాని గర్భసంచిలో గడ్డ ఉంది. ఎనిమిదింటికి ఆపరేషన్. పక్కనే దాని జత మోస్, లావుపాటి గోధుమరంగు పోతు, తన వంతు అయిపోగానే పెప్పర్ వంతు మీద పడుతోంది.

"నీకు కాదెహె కోత," అని దాన్ని మోచేత్తో నెట్టాడు.

పశువుల డాక్టరిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. లీలండ్ చదువు పల్లెబడితోనే ఆగింది. అక్కడ అన్ని తరగతులకూ ఒకటే గది, ఒకతే టీచరమ్మ. కాగితం మీద ఉన్నది వేలు పెట్టి చదువు, చెప్పినట్టు చెయ్యి అని ఆమె నేర్పింది. అతను జీవితమంతా అలాగే చేశాడు. ఈ కాగితాన్ని నిన్న మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ ఒకే చోట వేలు ఆగింది.

'మేత ఆపవద్దు. బయల్దేరే నిమిషం దాకా తిననివ్వండి.'

ఎందుకో తెలుసుకోవాలనిపించింది. ఎందుకు అని అడగడం అతనికి అలవాటు లేదు. మధ్యాహ్నం తిండికి సాసేజ్ తీయడానికి ఫ్రీజర్ తెరిచాడు. వెండిరేకులో చుట్టిన చిన్న పొట్లం అడ్డొస్తే ఎప్పట్లాగే పక్కకు జరిపి, తిరిగి దాని చోట దాన్ని పెట్టాడు. రెండు కుందేళ్లనీ ఒకే బోనులో పెట్టి, పాత దుప్పటి కప్పి, బండెక్కించాడు.

క్లినిక్‌లో నర్సు కోరిన్ దుప్పటి ఎత్తి చూసింది.

"జతని కూడా తెచ్చారా. మంచి పని చేశారు హ్రుస్కా గారూ. విడదీస్తే ఒంటి వాసన మారి, ఇంటికొచ్చాక కొట్టుకు చస్తాయి."

"కాగితంలో రాశారుగా."

"పొద్దున తిన్నదా?"

"తిన్నది. ఎందుకు తినాలి?"

"అదేంటండీ?"

"మనుషుల్ని మాడుస్తారు. దీన్ని మేపమన్నారు. ఏం, దీని ప్రాణం ఎక్కువా?"

కోరిన్ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది. "మత్తులో ఉన్న మనిషికి కడుపులోది పైకొస్తే ఊపిరితిత్తుల్లో పడుతుంది. అందుకే పరగడుపున ఉంచుతారు. కుందేలుకి కక్కడం చేతకాదు. పైగా దాని పేగు ఆగకూడదు. మీ దాణా మిల్లులో బెల్టు ఆగిపోతే ఏమవుతుంది?"

"గింజ ఇరుక్కుని పుచ్చిపోద్ది."

"అంతే. ఆపరేషన్ మేం చేస్తాం. బతకడం మాత్రం సాయంత్రం అది తినడంలో ఉంది. తిని, పెంటికలు వేసిందా, గండం గడిచినట్టే."

"అయితే మనుషుల్ని మాడ్చడానికి కారణం ఉందన్నమాట."

"ఊరికే మాడుస్తారా మరి?"

లీలండ్ టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. బండిలో చాలాసేపు తాళం తిప్పకుండా కూర్చున్నాడు.

దాణా మిల్లులో అతనిది బస్తాల మూతి కుట్టే పని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే మిషను, అదే పీట. బస్తా వస్తుంది, మూతి మడుస్తాడు, మిషను కింద తోస్తాడు, దారం తెంపుతాడు. కుడి బొటనవేలు ఆ మడతకి తగ్గట్టు వంగిపోయింది. ఆ రోజు రెండు బస్తాలు వంకరగా కుట్టాడు.

"కుందేలుకి ఆపరేషనా!" అన్నాడు బస్తాలెత్తే డ్వేన్. "మా అమ్మమ్మయితే ఉల్లిపాయలేసి ఉడకబెట్టేది ముసలాడా. ఖర్చూ లేదు, కుట్లూ లేవు."

"నిన్ను ఉడకబెడితే కుక్క కూడా ముట్టదు. బస్తా ఎత్తు."

ఆపరేషన్ బాగా అయిందని పన్నెండింటికి ఫోనొచ్చింది. రెండింటికి సెలవడిగి వెళ్లి కుందేళ్లని ఇంటికి తెచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లలో అది రెండో సెలవు.

వంటగది మూల గడ్డి తీసేసి, కుట్లకి గుచ్చుకోకుండా ఉతికిన తువ్వాళ్లు పరిచాడు. పెప్పర్ పొట్ట గొరిగి ఉంది. లేత గులాబీరంగు చర్మం మీద కుట్టు తిన్నగా, పొట్టిగా ఉంది. తన కుట్టుకంటే నయమే అనుకున్నాడు. పెప్పర్ ఉండలా ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు కొరుకుతోంది. నొప్పికి కొరుకుతుందని కాగితంలో ఉంది. నొప్పి మందు వేశాడు. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. వేణ్ణీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాడు.

కొత్తిమీర పెడితే మొహం తిప్పుకుంది. మేతపొడి నీళ్లలో కలిపి, సిరంజితో బుగ్గ పక్కనుంచి పట్టాడు. ఆకుపచ్చ జావ గడ్డం మీదుగా కారిపోయింది. తుడిచాడు. మళ్లీ పట్టాడు. నాలుగయింది. అయిదయింది. తువ్వాలు మీద ఒక్క పెంటిక లేదు.

"తినవే. నిన్నెవరూ వద్దనలేదు," అన్నాడు.

పెరట్లోకెళ్లి కలుపుగా మొలిచిన డాండెలియన్ ఆకులు తెంపుకొచ్చాడు. పెప్పర్ వాసన కూడా చూడలేదు. మోస్ మాత్రం ఒక పొడుగాటి ఆకు అందుకుని దాని చెంపకి ఆనుకుని, కరకరా నమలసాగింది. ఆకు కొస పెప్పర్ ముక్కు ముందు ఊగుతోంది. ముక్కు ఒకసారి కదిలింది. పెప్పర్ మెడ చాచి, మోస్ నోట్లోని ఆకు కొస పట్టుకుని లాగేసుకుంది. నమిలింది. మింగింది. మోస్ ఇంకోటి తెచ్చుకుంది. అదీ లాక్కుంది.

కిటికీ ఎండ నేల మీద వాలుగా పడే వేళకి తువ్వాలు మీద మినపగింజంత పెంటిక ఒకటి కనబడింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

క్లినిక్ మూసే ముందు కోరిన్ ఫోన్ చేసింది.

"తిన్నదా?"

"నేను పెడితే తినలా. దాని మొగుడి నోట్లోది లాక్కుని తిన్నది."

ఆమె నవ్వింది. అతను ఫోన్ పెట్టేయలేదు.

"మా ఆవిడకి ఆకలేసింది," అన్నాడు. "ఆ పొద్దున, ఇక్కడే, అయిదున్నరకి. ముందురోజు తనే చేసిన ప్లమ్ మురబ్బా కొలాచీ బన్ను. ఒక్క కొరుకు కొరికింది. అర్ధరాత్రి నుంచీ ఏమీ పెట్టొద్దని కాగితంలో ఉంది. ఉమ్మెయ్యమన్నా. నా చేతిలో ఉమ్మింది. ఏడింటికన్న ఆపరేషనుకి మధ్యాహ్నం మూడింటిదాకా తీసుకెళ్లలా. కత్తి పెట్టకముందే గుండె ఆగిందంట."



"మీరు చేసింది సరైనదేనండీ," అంది కోరిన్.

"పొద్దునే చెప్పావుగా ఆ ముక్క. ఇంక ఈ ఊసెత్తకు. నేనూ ఎత్తను."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎత్తనూ లేదు, కోరిన్ దగ్గర గానీ, పాదిరి దగ్గర గానీ.

ఫ్రీజర్‌లో సాసేజ్‌ల వెనక, వెండిరేకులో, నల్లటి ప్లమ్ మురబ్బా పెట్టిన బన్ను ఒకటి ఉంది. దాని ఒక అంచున నాలుగు పళ్ల గాట్లు.