మూత తీసినా ఆగలేదు

"నువ్వే ఏదో చేసుంటావు. ఊరికే ఎందుకవుతుంది?" అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో మోస్తున్నాను. మోచేతికీ మణికట్టుకీ మధ్య చెయ్యి వంగకూడని చోట వంగి ఉంది. నేనేం చేశానో అప్పటికి రెండుసార్లు చెప్పాను. మా బట్టల మిషన్‌కి రెండు తొట్లు, ఒకటి ఉతకడానికి, ఒకటి పిండడానికి. పిండే తొట్టి మూత తియ్యగానే దానంతటదే ఆగాలి. ఆరేళ్ళుగా అలాగే ఆగింది. ఆ పొద్దున పిండడం అయిందని మిషన్ గంట మోగాక మూత తీసి, దుప్పటి అంచు పట్టుకుని లాగబోయాను. తొట్టి ఆగలేదు. దుప్పటి నా వేళ్ళకి చుట్టుకుని, చేతిని లోపలికి లాక్కుని మెలితిప్పింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. పక్క గదిలో అత్తగారు కూడా విన్నారట. మిషన్ పాడైందేమో అనుకున్నారట.

ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఒకటే చెప్పేవారు. "మా కోడలికి అన్నిటికీ తొందరే. అది ఆగేదాకా ఆగొచ్చుగా! మేం చేతుల్తో ఉతికాం, ఏనాడైనా విరగ్గొట్టుకున్నామా?" వచ్చినవాళ్ళు నా కట్టు వంక చూసి "ఇకమీదట జాగ్రత్తమ్మా" అనేవారు. మా ఆయన అక్కడే కూర్చుని టీ తాగేవాడు. ఒక్కసారి కూడా "కాదు" అనలేదు. నేను కూడా కొన్నాళ్ళకి నా మీదే అనుమానపడ్డాను. డ్యూటీకి టైమవుతోందని గంట మోగకముందే మూత తీశానా? మోగిందనుకున్నది వీధిలో ఏ సైకిల్ గంటో కాదు కదా? కళ్ళు మూసుకుని ఆ పొద్దున్నంతా మళ్ళీ మళ్ళీ నడిపించుకునేదాన్ని. ప్రతిసారీ గంట మోగేది. ప్రతిసారీ తొట్టి తిరుగుతూనే ఉండేది.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పద్నాలుగేళ్ళుగా నా పని రక్తం తియ్యడమే. నరాన్ని కంటితో వెతకం, చూపుడువేలి కొసతో వెతుకుతాం. చర్మం కింద సన్నటి గొట్టంలా, నొక్కితే మళ్ళీ పైకి లేస్తూ తగులుతుంది. పసిపిల్లల్లో, మందులతో నరాలు కుంగిపోయిన పెద్దవాళ్ళలో నరం ఎవరికీ దొరకనప్పుడు నన్ను పిలిచేవాళ్ళు. "అక్కా, ఒక్కసారి నువ్వు చూడవా" అని పిలిచే ఆ పిలుపు నాకు జీతం కన్నా ఎక్కువ.

మూడు నెలలకి కట్టు విప్పారు. ఎముకలు అతుక్కున్నాయి. చూపుడువేలూ, బొటనవేలూ మొద్దుబారిపోయాయి. స్పర్శ తెలిపే నరం నలిగిందనీ, ఆ స్పర్శ తిరిగి రావడం అనుమానమేననీ డాక్టరు చెప్పాడు. అయినా మొండిగా పనిలోకి వెళ్ళాను. మొదటి రోజే ఒక పాపని తీసుకొచ్చారు. వేలు పెట్టి వెతికాను. గ్లవ్ మీద గ్లవ్ వేసుకుని తడుముతున్నట్టుంది. ఊహించి సూది గుచ్చాను, నరం దొరకలేదు. మళ్ళీ గుచ్చాను. పాప ఏడుపుకి వాళ్ళమ్మ నా చెయ్యి తోసేసింది. మర్నాడు మా ఇన్‌ఛార్జి నన్ను బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టాడు, తక్కువ జీతం మీద.

"ఇంట్లో బట్టలుతుకుతూ విరగ్గొట్టుకున్నదానికి మేమేం చెయ్యగలం చెప్పమ్మా? ఇక్కడ పనిలో జరిగుంటే వేరే సంగతి" అన్నాడు.

ఇంట్లో అందరి బట్టలూ ఉతుకుతుంటే జరిగింది. అది పని కాదట. అయితే నేను పొద్దున ఐదింటికి లేచి చేస్తున్నదేమిటి, ఆటా? ఆ మాట పైకి అనలేదు. కౌంటర్లో కూర్చుని రసీదులు చింపుతూ మనసులో వందసార్లు అనుకున్నాను.

మిషన్ కంపెనీకి ఉత్తరం రాస్తే ఒక మెకానిక్‌ని పంపారు. అతను తొట్టి కింద రేకు విప్పి, టార్చి వేసి చూసి, "బ్రేకు పోయిందమ్మా. ఈ రకం మిషన్లలో ఇదే తంటా. నేను చెప్పానని అనకండి" అని గబగబా సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ క్షణాన నా మీద నాకున్న అనుమానం పోయింది. పది రోజులకి కంపెనీ నుంచి జవాబొచ్చింది. కొత్త మిషన్ ఇస్తామన్నారు. దానితో పాటు సంతకం పెట్టమని ఒక కాగితం పంపారు. అందులో 'వాడేవారి అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం' అని ఉంది.

"పెట్టెయ్. కొత్త మిషనొస్తుంది, గొడవ వదిలిపోతుంది. ఆ కంపెనీతో మనం పెట్టుకోగలమా?" అన్నాడు మా ఆయన.

"అజాగ్రత్త అని రాశారు."

"రాస్తే ఏం? ఎవరు చూడొచ్చారు?"

నేను పెట్టలేదు. వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాసుకున్నాను. కుడిచేత్తో కలం నిలవక ఎడమచేత్తో, మూడు సాయంత్రాలు కూర్చుని రాశాను. అత్తగారు "కోర్టుల చుట్టూ తిరిగే కోడలు మా వంశంలో లేదు" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మిషన్ బిల్లు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన కూడా రావాలని నోటీసు వచ్చింది. ఆ నోటీసు చూసినప్పుడు ఆయన మొహంలో రంగు మారింది. సెలవు పెట్టాల్సి వచ్చిందని చిరాకేమో అనుకున్నాను.

విచారణ గది మా ల్యాబు వెయిటింగ్ హాలు కన్నా చిన్నది. ఎత్తుబల్ల వెనక అధ్యక్షురాలు, కళ్ళజోడు ముక్కు మీదికి జారిన పెద్దావిడ. కంపెనీ లాయరు కుర్రవాడే, మర్యాదగా మాట్లాడాడు. నాకు తొందరగా పని చేసే అలవాటుందా, ఆ రోజు డ్యూటీకి ఆలస్యమైందా అని అడిగాడు. ఆలస్యమైంది, గంట మోగాకే తీశాను అన్నాను. అలా ఆరుసార్లు తిప్పి తిప్పి అడిగాడు, ఆరుసార్లూ అదే చెప్పాను. అప్పుడతను ఒక కాగితం తీశాడు.

"మేడమ్, ప్రమాదానికి ఇరవై మూడు రోజుల ముందు, మిషన్ వాడకం ఆపండి, బ్రేకు ఉచితంగా మారుస్తాం అని కొన్నవారి ఫోనుకి మా కంపెనీ మెసేజ్ పంపింది. వీళ్ళు పట్టించుకోలేదు."

అధ్యక్షురాలు తలెత్తింది. "అంటే లోపముందని మీకు ముందే తెలుసన్నమాట." తర్వాత నా వైపు తిరిగింది. "మీకీ సంగతి తెలుసా అమ్మా?"

మా ఆయన నా చెవి దగ్గర వంగి, "రాలేదని చెప్పు" అన్నాడు.

నేను పక్కకి జరిగాను. "నాకు తెలియదండీ. ఫోన్ ఆయనది" అన్నాను.

ఆయన లేచి, "అలాంటిదేం రాలేదండీ" అన్నాడు. లాయరు తన ఫోన్లో ఒక రికార్డింగు పెట్టాడు. మెసేజ్ తర్వాత కంపెనీ వాళ్ళు చేసిన కాల్ అది. మొదట ఒక అమ్మాయి గొంతు. ఆ తర్వాత మా ఆయన గొంతు, ఎవరూ పొరబడే వీల్లేనంత స్పష్టంగా: "ఇప్పుడు మిషన్ ఆపెయ్యమంటే ఎలాగమ్మా? నలుగురున్న ఇల్లు. మీ మనిషొస్తే నేను సెలవు పెట్టుకుని కూర్చోవాలి. తర్వాత చూద్దాం. మా ఆవిడ జాగ్రత్తగానే వాడుతుంది లెండి."

నేను ఆయన వైపు చూడలేదు. ఇరవై మూడు రోజులు. రోజూ పొద్దున్నే ఆయన చొక్కాలు ఆ తొట్టిలో వేసి, అందులోకి చెయ్యి పెట్టి తీశాను. ఆయన పక్కనే అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఉండేవాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా?" అని అడిగింది అధ్యక్షురాలు, మెల్లగా.

"వెళ్దాం పద" అన్నాడు మా ఆయన.

"తీసుకోనండీ" అన్నాను. అంతటితో ఆగలేదు. "ఇందాకటిదాకా నాది అజాగ్రత్త అన్నారు. ఇప్పుడు వాళ్ళే తెచ్చిన రికార్డింగులో నేను జాగ్రత్తగా వాడతానని ఉంది. హెచ్చరిక బిల్లు మీద పేరున్న మనిషికి పంపారు. ఆ మనిషి ఆ మిషన్ మూత ఒక్కనాడూ తియ్యలేదు. తర్వాత చూద్దాం అని ఆయనంటే వీళ్ళు ఊరుకున్నారు. ఒక్కసారి ఎవరైనా వచ్చి మా తలుపు కొట్టుంటే, తీసేదాన్ని నేనే."

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. అధ్యక్షురాలు చాలాసేపు రాసుకుంది.

బస్సులో మా ఆయన "మర్చిపోయాను, నమ్ము" అన్నాడు. రీఛార్జి తేదీ మర్చిపోడు, తన చొక్కాకి ఊడిన గుండీ మర్చిపోడు.

ఆరు వారాలకి తీర్పొచ్చింది. లోపమున్న మిషన్ అమ్మి, ప్రమాదమని తెలిసీ సరిగా హెచ్చరించనందుకు వైద్యం ఖర్చూ, నేను పోగొట్టుకున్న జీతమూ, చేతికి జరిగిన నష్టానికి పరిహారమూ కంపెనీ ఇవ్వాలి. అయితే కొన్నవారు హెచ్చరికని పెడచెవిన పెట్టినందుకు మొత్తంలో నాలుగో వంతు తగ్గించారు. ఫిర్యాదుదారు అజాగ్రత్త ఎక్కడా రుజువు కాలేదు అన్న వాక్యాన్ని నేను నాలుగుసార్లు చదువుకున్నాను.

మా ఆయన కూడా చదివి, ఊపిరి వదిలాడు. "పోనీలే, ముప్పాతిక వంతు వచ్చిందిగా. అయిపోయింది."

"కంపెనీ వంతు అయింది. ఆ నాలుగో వంతు మీది" అన్నాను.

నవ్వాడు. "మొగుణ్ణి నష్టపరిహారం అడుగుతున్నావా?"

"అవును. డబ్బు కాదు. వచ్చినవాళ్ళందరికీ మీ అమ్మగారు ఏం చెప్పారో విన్నారుగా. ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆ రోజు ఫోన్లో మీరేమన్నారో మీ నోటితో చెప్పండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "ఆ డబ్బేదో నేనే ఇచ్చేస్తానులే" అన్నాడు.

నేను లేచి తలుపు తీశాను.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. మీ అబ్బాయి మీతో ఏదో చెప్పాలట."