ఉప్పరేవు ఇసుకను జల్లించిన జల్లెడ

నేను ఒక జల్లెడను. వంటింటి జల్లెడను కాను. అయి ఉంటే బాగుండేది. వంటింట్లో జల్లెడకు చిరుగు పడితే ఇల్లాలు ఆ పూటే పసిగడుతుంది. పిండిలో నూక కనపడగానే జల్లెడను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తుంది. నేను పడ్డది విశాఖలో ఒక కాలేజీలో, సముద్రతీరాల ఇంజనీరింగు నేర్పే విభాగంలో. ఇక్కడ అందరూ ఎం.టెక్.లు, పిహెచ్.డి.లు. నా చిరుగు కనిపెట్టడానికి ఇంతమందికీ కలిపి ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

నన్ను చేసినవాళ్లను తప్పు పట్టను. ఇత్తడి చట్రం, సన్నటి ఉక్కుతీగ అల్లిక, శుభ్రమైన పనితనం. అర మిల్లీమీటరు కంటే లావు రేణువును కిందికి పోనివ్వకూడదు, అదొక్కటే నాకు పెట్టిన నియమం. నా పైన కొన్ని జల్లెడలు, కింద కొన్ని, ఒకదానికంటే ఒకటి సన్నవి, టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా అమరుస్తారు. పైన సముద్రపు ఇసుక పోసి, యంత్రం మీద పెట్టి ఊపుతారు. ఏ జల్లెడలో ఎంత ఆగిందో తూస్తే ఆ తీరం ఇసుక లావో సన్నమో తెలుస్తుంది. జల్లించిన ఇసుకను పారేయరు. ఏ జల్లెడది ఆ సీసాలో పోసి, ఊరి పేరు రాసి, బీరువాలో దాస్తారు. మా వంటింటి అక్కచెల్లెళ్లు రోజూ చేసే పని ఇదే. కాకపోతే ఇక్కడ దీనికి రెండేళ్ల చదువు, ఒక థీసిస్సు, చివర్లో వైవా.

నేను వచ్చిన ఏడాదే దసరాకు ఆయుధపూజ చేశారు. తక్కెడకు బొట్టు, కంప్యూటరుకు బొట్టు, నాకూ బొట్టు. చట్రానికి పెడితే నాకేం బాధ లేదు. పెట్టిన మనిషి సరిగ్గా నా అల్లిక మీద, అంచుకు దగ్గరగా, తడి గంధంలో కలిపిన కుంకుమ అద్దాడు. సెలవుల్లో అది ఎండి రాయిలా బిగిసింది. నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో కడగాలని నాతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. ఆ మనిషికి తొందర. కంపాస్ మొనతో గీకాడు. బొట్టు ఊడింది, దానితోపాటు నా తీగలూ నాలుగు తెగాయి. ఆయన తన వేళ్లకంటిన ఎరుపు చూసుకుని చేతులు కడుక్కున్నాడు. నా వైపు చూడలేదు. ఆయన పేరు పట్టాభిరామయ్య. అప్పుడు పరిశోధక విద్యార్థి. తర్వాత డాక్టరు. ఆ తర్వాత ప్రొఫెసరు.

ఆ ఎదుగుదలకు మొదటి మెట్టు నా చిల్లే. ఉప్పరేవు తీరం నుంచి ఆయన తెచ్చిన ఇసుకలో లావు రేణువులు నాలోంచి జారి కింది జల్లెడలో పడ్డాయి. పడ్డవన్నీ సన్నవే అనుకుని తూశాడు. ఉప్పరేవు ఇసుక సన్నదని తేల్చాడు. పట్టా వచ్చింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఉప్పరేవు తీరాన్ని సముద్రం కోసేస్తోందని, బయటి ఇసుక పోసి నింపాలని సర్కారు పెద్దలు ఈయన సలహా అడిగారు. పోసే ఇసుక కనీసం అక్కడున్న ఇసుకంత లావుండాలి. లేకపోతే అల లాక్కుపోతుంది. సన్నది చాలని ఈయన రాసిచ్చారు. ఏటా పోశారు. ఏటా వానాకాలంలో సముద్రం దాన్ని తీసుకుపోయింది. ఎందుకు పోయిందో చెబుతూ ఆయన ఒక ఏడాది ప్రవాహాల మీద వ్యాసం రాశారు, ఒక ఏడాది తుఫాను మీద, ఒక ఏడాది భూమి వేడెక్కడం మీద. నేరం ఎప్పుడూ సముద్రానిదే. జల్లెడను తీసి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. దసరాకు మాత్రం నాకు మరవకుండా బొట్టు పెట్టి దండం పెట్టేవారు, ఇప్పుడు చట్రం మీద, చిల్లుకు జానెడు దూరంలో. అందరూ బొట్టునే చూశారు.

అప్పుడు హైమ వచ్చింది. పిండిమర నడిపే తల్లి కూతురు. పోసిన ఇసుక ఉప్పరేవులో ఎందుకు నిలవడం లేదన్నది ఆమె ఎం.టెక్. థీసిస్సు. వైవా పాసయితే పోర్టులో ఉద్యోగం సిద్ధంగా ఉంది.

ఒక మధ్యాహ్నం హైమ నా కింది జల్లెడలోంచి చిటికెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నలిపింది. మళ్లీ నలిపింది.

"ఇదేటిది, సన్నదాంట్లో నూక తగుల్తోంది!"

నన్ను తీసి కిటికీ దగ్గరికి నడిచింది. వెలుతురుకు ఎత్తింది. ఒక కన్ను మూసింది. ఇన్నేళ్లకు ఆ కాలేజీలో నాకొక ఇల్లాలు దొరికింది.

"ధనుంజయ్ అన్నయ్యా, ఇలా రా. దీనికి చిల్లుంది."

సీనియర్ పరిశోధకుడు ధనుంజయ్ సెల్‌ఫోనులోంచి తల ఎత్తలేదు. "జల్లెడన్నాక చిల్లులుండవేటే?"

"ఇంత చిల్లా? ఆవగింజ దూరిపోద్ది."

అప్పుడు లేచి వచ్చి చూశాడు. చూసి, ముందు తలుపు మూశాడు. "కింద పెట్టు తల్లీ. సార్ డాక్టరేటు దీంట్లోంచే జారింది. నా థీసిస్సు సగం జారింది. నీదీ మెల్లిగా జారనీ."

"అబద్ధం రాయమంటావా?"

"అబద్ధమెందుకు? జల్లెడ ఏం చెప్తే అది రాయి. తప్పుంటే జల్లెడది. నీకు పోర్టు ఉద్యోగం కావాలా, ఈ ఇత్తడి ముక్క కావాలా?"

విన్నారా? తప్పు నాది!

హైమ పక్క విభాగం నుంచి నా కొలతదే కొత్త జల్లెడ అరువు తెచ్చుకుని పని మొత్తం మళ్లీ చేసింది. ఉప్పరేవు ఇసుక లావుదని తేలింది. అదే రాసి పట్టాభిరామయ్య గారి ముందు పెట్టింది.

"ఏంటమ్మా ఇది? ఉప్పరేవు ఇసుక సన్నదని లోకమంతా ఒప్పుకుంది."

"లోకం ఈ జల్లెడతోనే జల్లించింది సార్."

ఆయన నన్ను చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశారు. చిల్లు చూశారు. గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. కానీ ఆయన బొటనవేలు మాత్రం దాన్ని కప్పేసింది.

"ఇది నువ్వే చింపావు. ఇప్పటి పిల్లలకి పనిముట్టంటే భక్తి లేదు. ఆ కొత్త లెక్కలు తీసేయ్. లేదంటే వైవాలో నిన్ను పాస్ చెయ్యను."

ఎవరికి భక్తి లేదో నా తీగలకు తెలుసు. హైమ మర్నాడు బీరువా తెరిచి వెనక వరసల్లో సీసాలు కదిపి, దుమ్ము పట్టిన ఒకదాన్ని చున్నీతో తుడిచి సంచిలో వేసుకుంది.

వైవాకు బయటి నుంచి కృష్ణకుమారి గారనే ఆవిడ పరీక్షకురాలిగా వచ్చారు. హైమ లెక్కలు చెప్పడం పూర్తికాకుండానే పట్టాభిరామయ్య గారు నన్ను బల్ల మీద పెట్టి, "జల్లెడ చింపుకుని పాత పరిశోధనంతా తప్పంటోంది మేడమ్" అన్నారు.

హైమ సంచిలోంచి సీసా తీసింది. "సార్, ఇది మీదేనా?"

"నా చేతిరాతే. నా పిహెచ్.డి. నాటి ఉప్పరేవు ఇసుక." ఆయన గొంతులో గర్వం పలికింది. పాపం, ఆయన్ని ఆపేవాళ్లు లేరు.

"అంటే ఇది అప్పుడు ఈ పాత జల్లెడలోంచి కిందికి దిగిన ఇసుక. అదే కొలత కొత్త జల్లెడలోంచీ మొత్తం దిగిపోవాలి కదా సార్?"

"ఎందుకు దిగదు?"

హైమ సీసాను కొత్త జల్లెడలో ఒంపి కృష్ణకుమారి గారికి అందించింది. "మీరే ఊపండి మేడమ్."

ఆవిడ జల్లెడను రెండు చేతులా పట్టుకుని, మైదాపిండి జల్లించినట్టు ఒడుపుగా ఊపారు. ఇసుక దిగింది. చివరికి దోసెడు మిగిలిపోయింది. లావు రేణువులు, తెల్లటి గవ్వముక్కలు. ఎంత ఊపినా కదల్లేదు.

"పట్టాభిరామయ్య గారూ, మీరు ఈ ఇసుక జల్లించేనాటికి ఈ అమ్మాయి పలకైనా పట్టి ఉండదు కదండీ?" అన్నారు కృష్ణకుమారి గారు.

ఆయన నీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టేసరికి ముఖం మళ్లీ ప్రొఫెసరు ముఖం అయింది. "నాకు ఎప్పటి నుంచో అనుమానమే మేడమ్. అందుకే ఏరికోరి ఈ టాపిక్ ఈ అమ్మాయికిచ్చాను."

హైమ పాసయింది. ఆ ఏడాది ఉప్పరేవులో లావు ఇసుక పోశారు. వానాకాలం వెళ్లినా చాలావరకు నిలిచింది. దాని మీద వచ్చిన వ్యాసంలో ముందు పట్టాభిరామయ్య గారి పేరు, చివర హైమ పేరు.

నన్ను పారేస్తారనుకున్నాను. ఆయన నన్ను వరండాలో అద్దాల బీరువాలో నిలబెట్టించారు. ముందు ఒక కార్డు: "ఆచార్య పట్టాభిరామయ్య గారి విశిష్ట పరిశోధనలకు తోడ్పడిన జల్లెడ." కార్డు సరిగ్గా నా చిల్లుకు అడ్డంగా ఉంది. పోర్టులో చేరబోయే ముందు హైమ చూడటానికి వచ్చింది. కార్డు చదివి పకపకా నవ్వి, అద్దం జరిపి, చిల్లు పైకి వచ్చేలా నన్ను సగం తిప్పి వెళ్లిపోయింది.

దసరా వచ్చింది. పట్టాభిరామయ్య గారు స్వయంగా బీరువా తెరిచారు. తిప్పి ఉన్న నన్ను చూసి అటూ ఇటూ చూశారు. ఆ పక్కనే ధనుంజయ్ ప్రసాదం పళ్లెంతో నిలబడి ఉన్నాడు. ప్రొఫెసరు గారు కుంకుమను తడి గంధంలో కలిపి, సరిగ్గా చిల్లంత బొట్టు చిల్లు మీదే అద్ది, తృప్తిగా దండం పెట్టుకున్నారు.

సెలవులయ్యేసరికి అది ఎండి, ఊడి, కింద కార్డు మీద పడింది. పట్టుకోవడానికి అక్కడ తీగలుంటే కదా.