స్ట్రెచర్ ఆగిన మనిషి

పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కగానే నర్సు చేసే మొదటి పని స్ట్రెచర్ చక్రాలకు నూనె వేయడం. ఎమర్జెన్సీ వార్డులో ఆ స్ట్రెచర్‌ను ఎవరూ తొయ్యరు. వచ్చినవాళ్లలో ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో వాళ్ల దగ్గరికి అదే వెళ్లి నిలబడుతుంది. దాని దారిలో కుర్చీలు వేస్తే మాత్రం హెడ్ నర్సు ఊరుకోదు.

ఆ రోజు పదకొండింటికి ఒక తాపీమేస్త్రీని ఆటోలో తెచ్చారు. మోచెయ్యి విరిగింది. అతని అరుపులకు పై అంతస్తు వాళ్లు కూడా దిగొచ్చారు.

"స్ట్రెచర్!" అని కేకేశాడు డాక్టరు.

స్ట్రెచర్ కదిలింది. మేస్త్రీని దాటేసి, గుమ్మం దగ్గర చెమట తుడుచుకుంటున్న, అతన్ని తెచ్చిన ఆటో నడిపే ఆవిడ ముందు ఆగింది.

"జరుగు తల్లీ, స్టాండులో నాకు బేరం ఉంది," అంటూ ఆవిడ పక్కనుంచి పోబోయింది. అదీ అటే జరిగి అడ్డం నిలిచింది.

నర్సు పరుగున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. మంచుముద్దలా ఉంది. నాడి సన్నగా, తడబడుతూ పరుగెడుతోంది.

"అక్కా, ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"పన్ను నొప్పే. పొద్దుటినుంచి దవడ లాగేస్తోంది, ఎడమ భుజం దాకా. దానికింత హడావుడి ఎందుకే?"

నర్సు వెనక్కి తిరిగి కేకేసింది. "డాక్టర్ గారూ! మేస్త్రీ అంతలా అరుస్తున్నాడంటే ఊపిరి బాగానే ఆడుతోంది. ముందు ఈవిణ్ణి చూడండి!"

ఆవిణ్ణి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఈసీజీ పెట్టారు. కాగితం సగం బయటికొచ్చేసరికే డాక్టరు ముఖం మారిపోయింది. "గుండెపోటు!" అనేలోపే ఆవిడ కళ్లు తేలేసింది.

నర్సు ఒక్క గెంతున స్టూలెక్కి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తెర మీద పిచ్చిగీతలు. డాక్టరు షాక్ ఇచ్చాడు. గీతలు మారలేదు. మళ్లీ నొక్కింది. చెమట కళ్లలోకి కారుతోంది. "రా అక్కా, వచ్చెయ్!"

రెండో షాక్‌కు గీత లేచింది, పడింది, మళ్లీ లేచింది.

"కొట్టుకుంటోంది! కొట్టుకుంటోంది!" అందరికంటే ముందు అరిచింది మేస్త్రీయే, విరిగిన చెయ్యి సంగతే మరిచిపోయి.

మూసుకుపోయిన రక్తనాళాన్ని డాక్టర్లు తెరిచాక, సాయంత్రానికి ఆవిడ కళ్లు విప్పింది.

"నా గుండెల మీద గుద్దింది ఎవరే?"

"నేనే అక్కా."

"ఊపిరి తీస్తే కలుక్కుమంటోంది. పక్కటెముక విరిచావా ఏం?"

"ఒకటి కాదక్కా, రెండు విరిగాయి!" అంది నర్సు. ఏ శుభవార్తనూ ఆమె అంత సంతోషంగా ఎప్పుడూ చెప్పలేదు.