గొంతు పోయిన కంప్యూటర్

పంటి డాక్టరు దగ్గర పనిచేసే ఆ నర్సుకు ఇంట్లో చీపురు అని పేరు. పెట్టింది మొగుడే. ఆ పేరును ఆమె పొగడ్తగానే తీసుకుంది. పెళ్లై వచ్చిన మూడేళ్లలో సిరా ఇంకిపోయిన పెన్నులు, తాళం కప్పలు లేని తాళంచెవులు, ఒంటికాలి కళ్లజోళ్లు అన్నీ ఆమె చేతి మీదుగానే చెత్తబుట్టకు వెళ్లాయి. మామగారి గది జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఆయనకు చిన్నప్పుడే చూపు పోయింది. కుర్చీ జానెడు జరిగినా మోకాలికి తగులుతుంది. అందుకని ఆ గదిలో నేల తుడిచేటప్పుడు కూడా ఎక్కడి వస్తువును అక్కడే పెట్టేది.

ఆయన బ్రెయిలీ ప్రెస్సుకు ప్రూఫులు దిద్దుతారు. అచ్చు కాగితాల మీది చుక్కలను వేళ్లతో చదివి, తప్పులను కంప్యూటర్లో టైపు చేసి పంపుతారు. మూడు రోజులుగా ఆ కంప్యూటర్ మొరాయిస్తోంది.

"నా కంప్యూటర్‌కు ఆయాసం పట్టుకుందమ్మాయ్. ఒక మీట నొక్కితే ఒగర్చి ఒగర్చి పలుకుతోంది" అన్నారాయన భోజనాల దగ్గర.

ఆదివారం పొద్దున మొగుడు ఆయన్ను క్షవరానికి తీసుకెళ్లాడు. వచ్చేసరికి బాగుచేసి పెడదామని ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. డిస్కు నిండిపోయిందని ఎర్రగీత చూపిస్తోంది. తన సంచిలోంచి మౌసు తెచ్చి తగిలించి ప్రోగ్రాముల జాబితా తెరిచింది. ఎప్పటివో, ఎవరు పెట్టారో తెలియని పేర్లు. తెలియనివన్నీ తీసేసింది. మూడు ఇంగ్లీషు అక్షరాల పేరున్నదొకటి చాలా చోటు తింటోంది. దాన్నీ తీసేసింది. ఊడ్చేటప్పుడు మూలలు వదిలే అలవాటు లేదు కాబట్టి, కంప్యూటర్ దాచుకున్న పాత నకళ్లను కూడా తుడిచేసి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఎర్రగీత నీలంగా మారింది. ప్రాణానికి హాయిగా ఉంది.

పదకొండింటికి ఆయన వచ్చి కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. రెండు మీటలు నొక్కారు. మళ్లీ నొక్కారు.

"అమ్మాయ్, కరెంటు పోయిందా?"

"లేదు మామయ్యా. తెర వెలుగుతోంది."

"మరి ఇది నోరు విప్పదేంటి?"

తెర మీదిది చదివి వినిపించే ఆ గొంతు ఎప్పుడూ ఆయన చెవిలోనే ఉండేది. అదీ ఒక ప్రోగ్రామే అని ఆమెకు ఏనాడూ తట్టలేదు. కీబోర్డులాగా కంప్యూటర్‌తోపాటే వచ్చిందనుకుంది.

"మీకు చదివి వినిపించేదాని పేరేంటి మామయ్యా?"

ఆయన మూడు అక్షరాలు చెప్పారు.

"దాన్ని నేనే తీసేశాను. పనికిరానిదనుకున్నా. తప్పు నాదే."

ఆయన వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

"మొత్తం ఎన్ని తీశావ్?"

"పదకొండు."

"పొద్దున్నే మంచి పనే పెట్టుకున్నావ్" అన్నారు చివరికి. "అది పన్నెండేళ్ల నాటిది. చేసినవాళ్లు దుకాణం కట్టేసి ఆరేళ్లయింది. మళ్లీ తెచ్చుకుందామంటే దొరికేది కాదు."

కంప్యూటర్లోనే చదివి వినిపించేది మరొకటుందని ఫోన్లో వెతికి తెలుసుకుని ఆమె దాన్ని ఆన్ చేసింది. అది ఇంగ్లీషు గడగడా చదివి, తెలుగు రాగానే మౌనవ్రతం పట్టింది. సాయంత్రం నాలుగింటికల్లా నాలుగో తరగతి సైన్సు పుస్తకం తప్పొప్పులు ప్రెస్సుకు చేరాలి.

"ఒక దారుంది. ఇది అప్పుడప్పుడు తన స్థితిని గుర్తు పెట్టుకుంటుంది. ఆ తేదీకి వెనక్కి తీసుకెళ్తే పోయినవి తిరిగొస్తాయి. నేను మీటలు నొక్కుతా. తెర మీద ఏముందో నువ్వు చదువు" అన్నారు.

ఆమె చెయ్యి మౌసు మీదికి వెళ్లింది.

"మౌసు వద్దు. దాని దారులు నాకు తెలియవు."

ఆయన నొక్కుతున్నారు, ఆమె చదువుతోంది. రెండో తెర దగ్గర ఆయన ఆగారు.

"మధ్యలో ఏదో మింగావ్."

"అదంత అవసరం లేదనీ..."

"ఏది అవసరమో తేల్చే పని ఈ పూటకి చాలమ్మా."

ఆమెకు సిగ్గుతోపాటు నవ్వూ వచ్చింది. ఆ తర్వాత చిన్న అక్షరం కూడా వదల్లేదు. తేదీల జాబితా వచ్చింది. అందులో ఉన్నది ఒక్కటే, కంప్యూటర్ తుడవనివ్వని నిన్నటిది. మిగతావి తనే తుడిచేసిన సంగతి కూడా ఒప్పుకుంది.

"ఒకటి మిగిలిందిగా, అదే పదివేలు" అన్నారాయన. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదని తెర హెచ్చరించింది. ఆయన మీట నొక్కేశారు.

నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా ఆయన ప్రూఫు కాగితాలు ఒళ్లో పెట్టుకున్నారు. ఆమె పెన్ను పట్టుకుంది. ఆయన పనిచేయడం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చూపుడువేలు చుక్కల వరుస వెంట నడిచి నడిచి ఒకచోట టక్కున నిలబడేది.

"అరవై రెండో పేజీ, మొక్కల పాఠం. 'వేరు' అనాల్సింది 'వేరే' అని పడింది. రాసుకో."

పందొమ్మిది తప్పులు రాసేసరికి తెర మీద పాత రూపం వచ్చింది. ఇద్దరికీ వినబడాలని ఆమె హెడ్‌ఫోన్ తీగ ఊడదీసింది. ఓ ఆడగొంతు ఊపిరి తిప్పుకోకుండా ఏదో చెప్పేసింది. ఆమెకు ముక్క అర్థం కాలేదు. ఆయన ముఖం మాత్రం విప్పారింది.

"ఇదేం వేగం మామయ్యా?"

"మెల్లగా మాట్లాడితే నాకు నిద్రొస్తుంది" అంటూనే ఆమె కోసం వేగం తగ్గించారు. తర్వాత ఇంకేదో తెరిచారు. ఆ గొంతు తప్పుగా పలికే మాటలకు ఆయన నేర్పిన సరైన పలుకుల జాబితా అది. నాలుగు వేల పైచిలుకు. అదీ క్షేమంగా ఉందో లేదో చూసుకుంటూ కిందికి దిగుతున్నారు. ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తోంది, ముందు వంకరగా, తర్వాత తిన్నగా. ఒకచోట ఆమె ఉలిక్కిపడింది.

"ఇప్పుడన్నది నా పేరు."

"నీదే. పెళ్లైన కొత్తలో ఆస్పత్రి నుంచి నాకు మెసేజులు పెట్టేదానివి, మందులు వేసుకున్నారా, తిన్నారా అని. ఇదేమో నీ పేరును నాలుగు ముక్కలు చేసేది. వినలేకపోయా. దారికి తేవడానికి మూడు రోజులు పట్టింది."

ఆమె హెడ్‌ఫోన్ తీగ చిక్కు విప్పుతూ ఉండిపోయింది, చిక్కేమీ లేకపోయినా.

మూడున్నరకు తప్పొప్పులు ప్రెస్సుకు చేరాయి. పోయినవన్నీ తిరిగొచ్చాయి కాబట్టి ఎర్రగీత కూడా తిరిగొచ్చింది. ఈసారి ఇద్దరూ కూర్చున్నారు. ఒక్కో ప్రోగ్రాము పేరూ ఆమె చదివితే, అదేంటో ఆయన చెప్పి, అక్కర్లేకపోతే తానే మీట నొక్కారు. తొమ్మిది పోయాయి.

"తర్వాతిది చదరంగం" అంది ఆమె.

"అదెవరిది?"

"మీ అబ్బాయిది. కంప్యూటర్‌తో ఆడతారు."

"ఎప్పుడైనా గెలిచాడా?"

"నేను చూసినంతలో లేదు మామయ్యా."

ఆయన కాస్త ఆలోచించారు. "అయితే ఉండనీ. గెలిచాక తీసేద్దాం."